చేపలవీధికి పచ్చలైటు

నగరంలో సిగ్నళ్లన్నీ ఒకే లెక్క మీద నడవడం మొదలయ్యాక పెద్దరోడ్డు మీద బళ్లు ఆగడమే మానేశాయి. సముద్రం పక్కనున్న చేపలవీధి మొగలో మాత్రం ఎర్రలైటు వెలుగుతూనే ఉండేది. ఆ వీధిలోంచి వచ్చే బళ్లు కొద్ది. వాటిని ఆపితే నగరానికి నష్టం తక్కువ. ఎర్రలైటు పడితే ఏ బండైనా తనంతట తానే ఆగిపోయేది, తోలేవాడి చేతిలో ఏమీ లేదు.

ఆ ఉదయం పైడమ్మ కూతురు నీలవేణికి నొప్పులొచ్చాయి. వాళ్లెక్కిన ఆటో వీధి మొగలో నిలిచిపోయింది. ఆగని ఆ రోడ్డును నడిచి దాటే దారి లేదు.

"ఎంతసేపని సూత్తాం రా ఎల్లాజీ, పిల్ల వణికిపోతంది" అంది పైడమ్మ.

"మనది ఒక్క బండే గదా అప్పా, అది మనల్ని లెక్కెట్టదు. ఈదంతా బళ్లేసుకుని రావాలి" అన్నాడు ఆటో తోలే ఎల్లాజీ.

పైడమ్మ వెనక్కి పరుగెత్తి ఇంటింటి తలుపూ కొట్టింది. బైకులూ చేపల బళ్లూ ఆటో వెనక బారులు తీరాయి. లైటు పచ్చబడింది. వీధంతా దాటేదాకా పచ్చగానే ఉంది.

ఆసుపత్రిలో నీలవేణికి ఆడపిల్ల పుట్టింది. పిల్లనెత్తుకుని పైడమ్మ వరండాలోకి వచ్చేసరికి ఒకాయన బల్ల మీద కూలబడి ఉన్నాడు. పక్కనే స్ట్రెచర్ మీద ముఖం మీదుగా దుప్పటి కప్పేసిన మనిషి.

"మా ఆవిడ. గుండెనొప్పంటే కార్లో తీసుకొచ్చాను. ఎన్నడూ ఆగని పెద్దరోడ్డు ఇవాళ చేపలవీధి దగ్గర ఆగిపోయిందమ్మా" అన్నాడాయన. "మీరు ఎటునుంచి వచ్చారు?"

పైడమ్మ పిల్లను గుండెకు హత్తుకుంది.

"సముద్రం వైపు నుంచి బాబూ" అంది.