పెదాలు కదిపే మనిషి

"అక్కా, గా ముసలాయన మళ్ల మన ఎదురుంగనే కూసున్నడు."

నిరోషా గుసగుసగా అంది. రెబెక్క తలెత్తకుండానే ఓరకంట చూసింది.

యాభై ఐదు దాటిన మనిషి. మే నెల ఎండల్లోనూ మెడకు మఫ్లర్. పలకరిస్తే పలకడు.

ఇద్దరికీ వికారాబాద్‌లో ఒకే బట్టల దుకాణంలో పని. తాండూరులో పొద్దటి బండి ఎక్కితే, దిగేలోపు ఫోన్‌లో కొరియన్ సీరియల్ ఒక భాగం అయిపోతుంది. జిమ్ నడిపే కోపిష్టి హీరో, బరువు తగ్గాలని వచ్చిన లావుపాటి అమ్మాయి, ఇద్దరి మధ్య కీచులాటలు, ఆ తర్వాత ప్రేమ. తెలుగు మాటలతో వారానికి రెండు భాగాలు వస్తాయి. మిగతా రోజుల్లో చూసినవే మళ్లీ చూస్తారు.

"కథల ఏం లేదే. ఆఖరికి పెండ్లి జేసుకుంటరని మొదటి రోజే ఎర్కైతది," అంది రెబెక్క.

"కథెవరిక్కావాలె అక్కా? గా హీరో గొంతు ఇను. మనింట్ల మనిషి మాట్లాడినట్టే ఉంటది."

ఎదుటి మనిషి తల దించుకుని నవ్వుకున్నాడు.

"మన మాటలు ఇంటుండే," అని రెబెక్క ఫోన్ సౌండు తగ్గించింది.

ఆయన చేత్తో సైగ చేశాడు, జర పెంచమని.

"మా ఫోన్‌తోని నీకేం పని పెద్దమనిషీ?"

ఆయన చేతులు జోడించి కిటికీ వైపు తిరిగాడు. చెవి మాత్రం ఇటే ఉంది. ఫోన్‌లో హీరో మాట్లాడటం మొదలుపెట్టగానే ఆయన పెదాలు కదిలాయి. చప్పుడు లేదు, ఉత్త పెదాలే.

రెబెక్క ముఖం పాలిపోయింది.

"బాణామతి, చేతబడి జేసేటోళ్లు గట్లనే పెదాలాడిస్తరని మా అమ్మమ్మ చెప్పేది."

"ఈ కాలంల బాణామతేందక్కా?"

"నాకు గసొంటియి నమ్మకం లేదు గని," అంటూనే రెబెక్క జాకెట్టులోపలి సిలువ గొలుసును బయటికి తీసి వేసుకుంది.

నిరోషా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. సీరియల్‌లో అమ్మాయి రెండు నెలల్లో పది కిలోలు తగ్గింది. తనూ తగ్గాలనుకుంది. జిమ్‌కు పోయే తీరిక లేదు కనుక తిండి మానేసింది. తిండి మానొద్దని ఆ హీరో ప్రతి భాగంలోనూ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఈ పిల్ల ఆ గొంతును ఇష్టపడింది గానీ మాట చెవికెక్కించుకోలేదు.

శుక్రవారం బండి రుక్మాపూర్ దాటిందో లేదో, నిరోషా కళ్లు తిరిగి సీటు మీంచి ఒరిగిపోయింది.

అందరికంటే ముందు లేచింది ఆయనే. జేబులోంచి పల్లిపట్టి తీసి, చిన్న ముక్క విరిచి ఆమె నోట్లో పెట్టాడు.

"ఏం పెట్టినవ్ దాని నోట్లె?" రెబెక్క గొంతు బోగీ అంతా వినబడింది. "పది రోజుల సంది మమ్ముల జూసుకుంట మంత్రాలు జదువుతుండు. బాణామతోడు."

ఆ ఒక్క మాట చాలింది. సీజన్ పాసు జనం సగం మంది లేచారు.

"ఎవడివిరా? ఏ ఊరు నీది?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తప్పు జెయ్యకుంటె నోరెందుకు తెరుస్తలేడు?"

ఆయన పెన్ను కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

"తాయెత్తు దీస్తుండు, చెయ్యి వట్టుర్రి."

చెంప మీద రెండు పడ్డాయి. ఎవరో మఫ్లర్ లాగేశారు. ఆయన రెండు చేతులతో మెడ కప్పుకున్నాడు.

నిరోషాకు అప్పటికే తెలివి వచ్చింది. నోరంతా తియ్యగా ఉంది. నిన్నటి నుంచి అన్నం తినలేదు, అందుకే పడిపోయాను అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ సన్నబడటానికి పస్తులుంటోందని తెలిస్తే బోగీ అంతా నవ్వదూ? సిగ్గేసింది. కళ్లు మూసుకుని పడుకుంది.

ధారూర్‌లో ఆయన్ని దించేశారు. బండి కదిలినా ఆయన మెడ మీది చేతులు తీయలేదు.

"పీడ వోయింది," అంది రెబెక్క.

ఆ రోజంతా నిరోషా చీరలు తప్పుగా మడత పెట్టి మళ్లీ విప్పింది. తిండి లేకనే అనుకుంది. మధ్యాహ్నం కడుపు నిండా తిన్నాక కూడా మడతలు తప్పాయి.

తర్వాతి వారం కొత్త భాగం వచ్చింది. హీరో నోరు తెరవగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"గొంతు మార్చిన్రు," అంది నిరోషా.

"గిదేం గొంతే, రేకుల డబ్బా లెక్క."

సీరియల్ కింద అప్పటికే బోలెడు అభిప్రాయాలున్నాయి. హీరోయిన్ బాగా చేసిందని ఒకరు, కసరత్తులు ఎక్కువయ్యాయి ప్రేమ తక్కువైందని ఇంకొకరు. నిరోషా కోపంగా టైపు చేసింది.

"గొంతు మార్చి సీరియల్‌ను పాడు చేశారు. ఆ పాతాయన్నే తీసుకురండి. ఆయన లేకుంటే మేం చూడం. నిరోషా, తాండూరు."

సాయంత్రం తిరుగు బండిలో ఉండగా, తెలుగు మాటలు చెప్పించే వాళ్ల దగ్గర్నుంచి జవాబు వచ్చింది. రెబెక్కకు వినబడేలా నిరోషా పైకే చదివింది.

"నిరోషా గారూ, మాకూ ఆ గొంతే ఇష్టం. అది చంద్రకాంత్ గారిది, మీ తాండూరు పక్క పెద్దేముల్ మనిషే. ఈ కొత్త భాగాలకు మాటలు చెప్పకముందే జబ్బు చేసి, గొంతుకు ఆపరేషన్ అయ్యి మాట పోయింది. అయినా మా పని ఆగకూడదని రోజూ తాండూరులో రైలెక్కి మా స్టూడియోకు వచ్చి, కొత్త ఆర్టిస్టు పక్కన నిలబడి, పెదాలు కదిపి ఒక్కో మాటా నేర్పించేవారు. పోయిన శుక్రవారం నుంచి రావడం లేదు. రైలెక్కాలంటే భయమేస్తోందని కాగితం మీద రాసి పంపారు."