వణకని గీత

ఆ గుడ్డ వెనక్కి ఇచ్చెయ్యమని తాయమ్మ, ఇచ్చేది లేదని ఆమె భర్త చెంగయ్య. శ్రీకాళహస్తిలోని ఆ ఇంట్లో మూడు రోజులుగా ఇదే గొడవ.

తిరుచానూరు కల్యాణమండపం వాళ్ళు పెళ్ళిపీటల వెనక కట్టే కలంకారీ తెర గీయమన్నారు. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద చెంగయ్య మొదట అంచు తీగ గీశాడు. అది చీమల బారులా మెలికలు తిరిగింది.

"గుడ్డ నేత బాగలేదు" అన్నాడు.

"గుడ్డకు అబద్ధమాడేది తెలీదయ్యా. నీ చెయ్యే వణకతా ఉండాది."

"వణికే చెయ్యి ఆడ అట్లా గీస్తాదా? సూడు" అని కంప్యూటర్ వైపు వేలు చూపించాడు.



ఆన్‌లైన్ క్లాసుల్లో ఎక్కడెక్కడివాళ్ళూ కలిసి గీసుకునే బోర్డు తయారుచేయడం కూతురు కోమలి ఉద్యోగం. ఇంటినుంచే పని. చిన్నప్పుడు తన పక్కనే కూర్చుని గీసిన పిల్ల కలం వదిలేసిందని చెంగయ్యకు లోలోపల బాధ. బోర్డు ఎలా పనిచేస్తుందో చూడాలంటూ ఆ పిల్లే ఆరు నెలలుగా శనివారం శనివారం తండ్రిచేత కలంకారీ క్లాసు చెప్పిస్తోంది.

కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద చెంగయ్య పెన్ను కదిపితే బోర్డు మీద గీత పడుతుంది. కాస్త ఆలస్యంగా పడుతుంది. అదింకా సరిచేస్తున్నామని కోమలి చెప్పింది. గీత మాత్రం వెంట్రుకవాసి పక్కకు పోదు. పిల్లలు గురువుగారూ అంటుంటే ఆ గంటసేపూ చెంగయ్య వెన్ను నిటారుగా ఉంటుంది. పక్కగదిలో కోమలి హెడ్‌ఫోన్ పెట్టుకుని, తలుపేసుకుని తన పనిలో ఉంటుంది.

ఆదివారం ఫ్యాక్టరీకి సెలవు కాబట్టి కొడుకు గిరి కూడా మధ్యాహ్నం సంగటికి కూర్చున్నాడు. చెంగయ్య ఆలస్యంగా వచ్చి, కాళ్ళు కడుక్కుని పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"తిరుచానూరు పోయి గుడ్డ ఇచ్చేసి వచ్చినా" అన్నాడు నెమ్మదిగా. "వచ్చే శనివారం నుంచి క్లాసు కోమలి చెబుతాది. దాని పేరుతోనే."

గెలిచానన్న సంతోషం తాయమ్మకు కలగలేదు. కోమలి తలెత్తలేదు.

"బోర్డు మీద బాగానే గీస్తా ఉండావు కదా నాయనా?" అన్నాడు గిరి.

"నిన్న క్లాసంతా నేను పెన్ను పలకకు తగలనీకుండా గాల్లోనే తిప్పినా గిరీ, అయినా బోర్డు మీద నెమలి తోకతో సహా పూర్తయినాది."