కిసాకు పళ్ళెం

"ఆ పళ్ళెం కూడా తూచు బాబూ," అంది తోయో.

త్రాసు సర్దేస్తున్న హినుమ తలెత్తాడు. అతను వైద్య విద్యార్థి. ఎవరింట్లో ఎంత ఉప్పు తింటున్నారో తెలుసుకు రమ్మని ప్రభుత్వం పంపితే, మూడు రోజులుగా ఉత్తర జపాన్‌లోని అకితా మంచులో నడిచి ఈ ఇంటికి వస్తున్నాడు. నిప్పుల గుంట అవతల, ఖాళీ చాప ముందున్న ఆ పళ్ళెం జోలికి నిన్నటిదాకా ఆమె రానివ్వలేదు.

"అది మీ ఆయనది కదమ్మా? ఆయన టోక్యోలో సొరంగం పనిలో ఉంటే..."

"ఉంటే? దూరాన ఉన్నవాడికి ఇంట్లో వడ్డిస్తే అక్కడ కడుపు నిండుతుంది. మీ కాలేజీలో చెప్పలేదా?"

"మా కాలేజీలో తిండి మాటే ఎత్తరు. ఆరేళ్ళ చదువులో ఒక్క పాఠం. ఆ రోజు నేను నిద్రపోయాను."

"బాగుంది సంబడం!" తోయో నవ్వింది.

అతను ఆ పళ్ళెంలోని మిసో చారులో, ఉప్పు వేసి పులియబెట్టిన సోయా ముద్దతో కాచినదానిలో, కొలత గొట్టం ముంచి చూశాడు. "మీ గిన్నెలోకంటే రెట్టింపు ఉప్పుందమ్మా."

"తగ్గిస్తే కుండ కడిగిన నీళ్ళంటాడు."

"మెదడులో నరాలు చిట్లేది ఈ ఉప్పు వల్లే."

చూరుదాకా పేరుకున్న మంచులోంచి వచ్చే వెలుగులో గది నీటి అడుగున ఉన్నట్టుంది. ఆమె మెల్లగా లేచి, సగం చారు ఒంపేసి వేడినీళ్ళు కలిపింది. ముల్లంగి ఊరగాయ తీసేసింది.

"ఇప్పుడు?"

"సగానికి తగ్గింది."

"ఇవాళ్టి నుంచి తగ్గిస్తే చాలా? ఇన్నేళ్ళూ తిన్నది ఊరుకుంటుందా?"

"ఆలస్యమేం కాలేదమ్మా. మంచు కరిగి ఆయన రాగానే రక్తపోటు చూస్తాను."

"అయితే రాసుకో. కిసాకు, యాభై ఆరేళ్ళు, పూటపూటా భోంచేస్తున్నాడు. పెన్సిలుతో కాదు, సిరాతో."

అతను సిరాతోనే రాశాడు. గడ్డి చెప్పులు తొడుక్కుంటుంటే, "ఇంకాసేపు కూర్చోరాదూ," అంది. ఇంకా నాలుగిళ్ళున్నాయని వెళ్ళిపోయాడు.

తోయో చారు గిన్నె మీద మూత పెట్టి, దాని ముందే కూర్చుంది. మూతకి చెమ్మ పడితే మనిషి క్షేమంగా ఉన్నట్టని అత్తగారు నేర్పింది. వంద దాకా లెక్కపెట్టి మూత ఎత్తింది. లోపల ముత్యాల్లా నీటిచుక్కలు.

"చూశావా, బాగానే ఉన్నావు," అంది ఖాళీ చాపతో. "చప్పగా ఉన్నా తినెయ్యి."

పొద్దున్న టోక్యో నుంచి వచ్చిన టెలిగ్రాం ఆమె ఇంకా విప్పలేదు.