తొట్టి నింపిన దొంగ

నీళ్ల లారీకి అడ్డంగా, రోడ్డు నడిమధ్యన, తూడా అనే ముసలమ్మ బాసింపట్టు వేసుకుని కూర్చుంది. జాయిద్ బ్రేకు తొక్కాడు. హారన్ కొట్టాడు. ఆవిడ చేతికర్ర కూడా కదల్లేదు.

"లే పెద్దమ్మా! అవతల సోలార్ పలకలు కడగాలి. ఆలస్యమైతే మా సూపర్‌వైజర్ ఊరుకోడు," అన్నాడు తల బయటపెట్టి. ఆ సూపర్‌వైజర్ లహ్సెన్, ఎన్నడూ లేనిది ఇవాళ పక్క సీట్లోనే కూర్చుని ఉన్నాడు.

"ఊరుకోకపోతే నాకేం? మలుపులో మా మేకల తొట్టి ఉందే, దాన్లో రోజూ నీళ్లు పోసి పోతున్న దొంగెవడో తేలాలి. తేలిందాకా ఈ బండి కదలదు."

జాయిద్ తల లోపలికి లాక్కున్నాడు. ఆ దొంగ తనే. పలకల మీది దుమ్ము ముందు పొడి బ్రష్షుతో దులిపేసి, ఆ తర్వాత కాసిని నీళ్లు కొడితే ట్యాంకులో మూడో వంతు మిగులుతుందని ఆర్నెల్ల కిందట కనిపెట్టాడు. మిగిలింది తిరిగి సోలార్ కేంద్రంలో అప్పజెప్పాలని నియమం. బయట చుక్క పోసినా ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో చూస్తే ఐదు నోళ్లు.

"నాకేం తెలుసు పెద్దమ్మా! నేను మాత్రం కాదు."

లహ్సెన్ గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, మాది నీళ్లు తాగే కరెంటు కాదు. బొగ్గు కాల్చే చోట ఆవిరి చల్లార్చడానికి ఏరులకు ఏరులే కావాలి. మాకు పలకల ముఖం కడగడానికి తప్ప..."

"నీ ఉపన్యాసం నీ దగ్గరే ఉంచుకో. మీ పలకలు తాగవు కాబట్టేగా నీళ్లు మిగిలి మా తొట్టిలోకొస్తున్నాయి! పేరు చెబుతారా, ఊళ్లో ఆడవాళ్లందరం మీ పెద్దాఫీసుకే వచ్చి అడగమంటారా?"

"ఆఫీసుకా?" లహ్సెన్ ఉలిక్కిపడ్డాడు. "వద్దొద్దు. డ్రైవర్లు నలుగురే కదా, నేనే నిలదీస్తాను."

జాయిద్‌కి తోటి డ్రైవర్లు ముగ్గురూ కళ్లముందు మెదిలారు. తను చేసినదానికి పాపం వాళ్లెందుకు మాట పడాలి? తలుపు తీసుకుని దిగాడు.

"వాళ్ల జోలికి పోకండి సార్. పోసింది నేనే. మేకలు ఎండిపోయిన తొట్టి నాకుతుంటే చూడలేకపోయాను. తీసేస్తే తీసెయ్యండి."

లహ్సెన్ నోరు తెరిచేలోగా తూడా కర్ర పక్కన పడేసి లేచింది. గోడ చాటు నుంచి ఇద్దరు ఆడవాళ్లు గోధుమరవ్వతో వండిన కుస్కుస్ ఓ పెద్ద పళ్లెం నిండా మోసుకొచ్చారు. గుమ్మడి ముక్కల మధ్య వెన్న కరుగుతోంది. ముసలమ్మ జాయిద్ తల వంచి నుదుటి మీద ముద్దుపెట్టుకుంది.

"నా పదకొండు మేకలూ బతికున్నాయంటే నీ చలవే నాయనా. ఈ వెన్న వాటిదే. అల్లా నిన్నూ నీ పిల్లల్నీ చల్లగా చూడాలి."

జాయిద్‌కి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక ఉద్యోగం పోతే పోనీ అనిపించింది. "ఒక్కడి కోసం ఇంత వంటా పెద్దమ్మా?"

"ఒక్కడేమిట్రా? పొద్దుట్నుంచి మూడు బండ్లు ఆపాను. ముగ్గురూ ముందు కాదన్నారు, తర్వాత నేనేనన్నారు. నువ్వు నాలుగోవాడివి."

జాయిద్ తెల్లబోయాడు. ఒకరికి తెలియకుండా ఒకరు, నలుగురూనా! భయంభయంగా లహ్సెన్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ బండిలోంచే దూరంగా కనిపిస్తున్న అట్లాస్ కొండల్ని చూస్తున్నాడు.

భోజనానికి చేతులు కడుక్కోమని తూడా కొమ్ముచెంబు అందుకుని జాయిద్ చేతుల మీద నీళ్లు పోసింది. ఆ తర్వాత చెంబు పట్టుకుని లహ్సెన్ దగ్గరికి వెళ్లింది.

"ఏవయ్యా పెద్దమనిషీ, ఆదివారం ఈ నలుగురికీ సెలవు. కేంద్రంలో ఉండేది నువ్వొక్కడివే. మరి ఆదివారం కూడా మా తొట్టి నిండుతోందే?"

లహ్సెన్ బండి దిగి, చొక్కా చేతులు పైకి మడిచి, చెంబు కింద దోసిలి పట్టాడు.