ఏడో స్లైడు

ఫొటోలు చిన్నవి చెయ్యాలి. ఒత్తులు ఊడి పక్కన పడుతున్న అక్షరాలను సరిదిద్దాలి. ఖర్చుల పట్టిక ఒక్క స్లైడులో పట్టేలా కుదించాలి. షెడ్డులో అందరూ పెద్దమ్మ అని పిలిచే పెద్దావిడ బస్సు సీటు కుడుతున్న వీడియో ఏడో స్లైడులో పెట్టాలి. ఇవన్నీ నిన్న సాయంత్రానికే చేసి, రెండుసార్లు నడిపి చూసుకుంది కుట్టు విభాగం సూపర్‌వైజరు. తీరా ఇవాళ మేనేజరు గదిలో, గోడకున్న పెద్ద తెర మీద, తెల్లటి వెలుగు మధ్య చిన్న చక్రం ఒకటి తిరుగుతూ ఉంది. అంతే.

"నెట్ నెమ్మదిగా ఉన్నట్టుంది సార్," అంది.

"తొందరేం లేదమ్మా. మీది చూశాకే కదా ఏ నిర్ణయమైనా," అన్నాడు మేనేజరు, టీ కప్పు దగ్గరికి లాక్కుంటూ.

నిర్ణయం బస్సు సీట్లు కుట్టే విభాగం గురించి. ఉంచాలా, మూసేసి ఆ పని బయటివాళ్లకు అప్పజెప్పాలా అని. కింద షెడ్డులో ఆడవాళ్లంతా మిషన్లు ఆపి ఆమె కబురు కోసం కూర్చున్నారు. ఆమె పైకి వచ్చేముందు పెద్దమ్మ తన దగ్గరికి పిలిచి, "నా మొహం బాగా పడిందా?" అని అడిగింది.

"మొహం కాదు పెద్దమ్మా, నీ చేతులు తీశాను."

"పోనీలే, ఉన్నవాటిలో అవే నయం," అని నవ్వింది.

చక్రం తిరుగుతూనే ఉంది. ఆమె పేజీ మూసి మళ్లీ తెరిచింది. ఈసారి పాస్‌వర్డు అడిగింది. కొట్టింది. తప్పు అంది. ఒక్కో అక్షరమే చూసుకుంటూ మళ్లీ కొట్టింది. మళ్లీ అదే మాట.

"కాపీ ఒకటి దింపి పెట్టుకోవద్దూ?" అన్నాడు మేనేజరు పక్కన కూర్చున్న, లెక్కలు చూసే ఆయన.

"దింపితే వీడియో రాదు సార్, ఉత్త బొమ్మలే వస్తాయి. అది లేకపోతే ఇంక ఇందులో ఏముంది?"

కంప్యూటర్లు చూసే ఉద్యోగిని పిలిపించారు. అతను వైర్లు కదిపి, ఆమె మొహంలోకి చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

"పోనీ నోటితో చెప్తాను సార్. చిరిగిన సీటుని మా పెద్దమ్మ..."

"చూపించేదుంటే చూపించమ్మా. చెప్పే మాటలు చాలా విన్నాం." మేనేజరు గడియారం చూసుకుని లేచాడు. "ఏం చేస్తాం. అవకాశమైతే ఇచ్చాం."

మెట్ల దగ్గర ఆమె ఆగింది. కింద ఏమని చెప్పాలి? నెట్ రాలేదనా?

వెనకే వచ్చిన కంప్యూటర్ల ఉద్యోగి గొంతు తగ్గించాడు. "మీ తప్పేం లేదక్కా. నెట్ బానే ఉంది. మీ విభాగం లాగిన్లన్నీ తీసేయమని మేనేజరుగారు పొద్దున రాగానే చెప్పారు."

ఎప్పుడైనా బస్సులో మీ సీటు చిరుగన్నది లేకుండా మెత్తగా తగిలితే, ఆ గదిలో ఎవరూ చూడని చేతుల్ని, ఆ పెద్దమ్మని ఒక్కసారి తలుచుకోండి.