పెరోలు ఏడో రోజు

సాయంత్రం ఆరు లోపు జైలు గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పడాలి. పడకపోతే నాన్న కట్టిన రెండు గదుల ఇల్లు జప్తు. జామీనుగా రాసిచ్చింది దాన్నే. ముందు గదిలో చెల్లెలు కుట్టుమిషను పెట్టుకుని బతుకుతోంది. ఇల్లు పోతే ఆ మిషను నెత్తిన పెట్టుకుని ఎవరి అరుగు వెతుక్కోవాలి?

అన్నకి తమ్ముడి మీద అనుమానం. ఇవాళ పుట్టింది కాదు. మొదటి రోజు నుంచీ ఉంది.

వారం నుంచి తమ్ముడు మొహంలోకి చూసి మాట్లాడటం లేదు. పెరట్లోకి పోయి ఫోనులో గుసగుసలు. మనిషి అలికిడైతే చాలు, "సరే, మళ్ళీ చేస్తా" అని జేబులో పడేస్తాడు. నిన్న ఎదురింటి వాళ్ళని రైళ్ళ టైములు అడిగాడట. ఎవరు ఊరెళుతున్నారని రైళ్ళ టైములు?

అందుకే అన్న వారం రోజులూ గుమ్మానికి అడ్డంగా చాప వేసుకునే పడుకున్నాడు. తలుపు మూసి ఉంటే ఆయనకి నిద్ర పట్టదు.

"చిన్నన్నయ్య మీద ఓ కన్నేసి ఉంచు పెద్దన్నయ్యా," అంది చెల్లెలు సూదిలోకి దారం ఎక్కిస్తూ. "ఏదో చేసేలా ఉన్నాడు. అడిగితే నువ్వు కాజాలు కుట్టుకోవే అంటాడు."

"రెండు కళ్ళూ వాడి మీదే ఉన్నాయి. నువ్వు భయపడకు."

తమ్ముడు స్నానానికి వెళ్ళగానే అన్న మంచం కింద సంచీ లాగాడు. కొత్త బట్టలు. జుట్టుకి వేసే రంగు. అడుగున మడతపెట్టిన రైలు టికెట్లు, సరిహద్దు దాకా. బండి సాయంత్రం అయిదుకి.

టికెట్లు చింపి పొయ్యిలో పారేశాడు. సంచీ ఎక్కడిదక్కడ పెట్టాడు.

భోజనాల దగ్గర ఇద్దరే కూర్చున్నారు.

"తినరా. నాలుగింటికి బయల్దేరాలి."

"ఆకలి లేదు."

"బస్సులో కళ్ళు తిరిగి పడితే నేను మొయ్యను."

"ఆ గేటు ముందు మళ్ళీ నిలబడటం నా వల్ల కాదన్నా."

"ఇంకా నాలుగేళ్ళే కదరా. కళ్ళు మూసుకుంటే అయిపోతాయి."

"ఎవరి కళ్ళు?" అన్నాడు తమ్ముడు.

అన్నకి ఒళ్ళు మండింది. ఆయన పుస్తకాల బైండరు. ఎనిమిదేళ్ళుగా అదే పని. చిరిగిన చట్టం పుస్తకాలూ నిఘంటువులూ విప్పి, కుట్టి, అట్ట వేస్తాడు. జిగురు ఆరేదాకా ఊరికే కూర్చోలేక చదువుతాడు. ఆయనకి వచ్చిన చదువంతా అదే.

"పెరోలంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలుసు. వారం సెలవు."

"నీ మొహం. అది ఫ్రెంచి వాళ్ళ మాట. అర్థం కూడా 'మాట' అనే. యుద్ధంలో పట్టుబడ్డవాడు పారిపోనని మాటిస్తే సంకెళ్ళు తీసేసేవాళ్ళు. కాపలా లేదు, కాగితం లేదు. నోటిమాట ఒక్కటే."

"ఎవరికి తీసేవాళ్ళు? సిపాయిలకా?"

"ఎక్కువగా ఆఫీసర్లకే."

"అదీ సంగతి. దొరల మాటే మాట. మరి మన దగ్గరేం తీసుకున్నారు? ఇంటి పత్రం, రెండు ఫొటోలు, పది వేలిముద్రలు. మాట ఎవడడిగాడు? అడగని మాట తప్పడమేంటన్నా?"

ఇదేదో పుస్తకంలో లేని ప్రశ్న. అన్న కంచం పక్కకి నెట్టాడు.

"వాళ్ళు అడగలేదు. అది వాళ్ళ లేకితనం. వాళ్ళు లేకివాళ్ళని మనమూ లేకివాళ్ళం కావాలా? అయినా చెల్లి సంగతేంటి?"

"దాన్నీ తీసుకుపోదాం. వెల్డింగు తెలిసినవాణ్ణి, ఎక్కడైనా బతుకుతాం."

"పోదాం, దొంగల్లా. వీధికో పేరు మార్చుకుంటూ. లే, చెయ్యి కడుక్కో."

బస్టాండు దాకా అన్న తమ్ముడి మణికట్టు వదల్లేదు. జనం వింతగా చూశారు. చూస్తే చూశారు.

"నీళ్ళ సీసా తెస్తా," అన్నాడు తమ్ముడు.

"దాహం లేదు."

"నాకుంది."

వదిలాడు. అదే పొరపాటు. రెండు నిమిషాల తర్వాత చూస్తే కొట్టు దగ్గర మనిషి లేడు. అన్న బస్సుల మధ్య పరుగెత్తాడు. మరుగుదొడ్లు వెతికాడు. గడియారం అయిదంటోంది. వెనక గేటు దగ్గర ఆగి ఉన్న లారీ తలుపు పట్టుకుని, డ్రైవరుతో బేరం తెముల్చుకుంటూ దొరికాడు తమ్ముడు.

"ఎక్కితే అయిపోతుందన్నా. ఒక్క నిమిషం పని." వాడు కిందికి వంగాడు. "కాళ్ళు పట్టుకుంటా."

"లే. మా వాడికి మతి చలించింది బాబూ, నువ్వు పోనీ," అని డ్రైవరుకి చెప్పి, అన్న వాడి కాలరు పట్టి బస్సులోకి తోశాడు. దారి పొడుగునా కాలరు వదల్లేదు. తమ్ముడు కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాడు. పక్క సీటు ముసలాయన "పాపం, ఎన్నేళ్ళు పడింది?" అని మెల్లగా అడిగాడు.

ఆరుకి పది నిమిషాలుండగా గేటు చేరారు. వార్డరు కటకటాల సందులోంచి ఇద్దర్నీ ఎగాదిగా చూసి, రిజిస్టరు ముందుకి తోశాడు.

అన్న సంతకం చేసి, తమ్ముడి కాలరు సరిచేసి, "చెల్లి జాగ్రత్త" అని చెప్పి, తల వంచుకుని చిన్న తలుపులోంచి లోపలికి వెళ్ళిపోయాడు.