ఒక్క వారం తప్పని మనిషి

“ముందు ఆ పేరు తీసేయండి!”

ఆసుపత్రి మరమ్మతుల విభాగం తలుపు తోసుకొచ్చి అరిచిందామె. భుజాన పాత సంచి, కళ్లలో నిప్పులు.

కంప్యూటర్ ముందున్న ఇంచార్జి తలెత్తాడు. ఏ వారం ఏ యంత్రాన్ని ఎవరు చూడాలో అందులోని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. చూసినవాడు తన పేరుతో తెరిచి నొక్కితే పచ్చ గుర్తు పడుతుంది. ఇంచార్జికి ఆ పచ్చ గుర్తే వేదవాక్కు. కొత్తగా వచ్చిన ఈ పెద్దమనిషి ఇంతవరకు ఒక్క యంత్రం దగ్గరికీ వెళ్లిన పాపాన పోలేదు.

“ఏ పేరమ్మా?”

“స్ట్రెచర్ లిఫ్టు చూసే పనికి పెట్టిన పేరు. ఆ లిఫ్టును ఎవరూ చూడటం లేదు. ఎక్కితే కీచుమంటోంది. దాన్ని ఆపించండి!”

ఇంచార్జికి చిర్రెత్తుకొచ్చింది.

“ఎవరూ చూడటం లేదా? ఇదిగో, ఒక్క వారం తప్పలేదతను! ఇక్కడున్న ఇద్దరూ కలిసినా అతని కాలిగోటికి సరిపోరు. పొద్దున్నే శభాష్ అని మెసేజ్ కూడా పెట్టాను.”

పక్క బల్లల దగ్గరి ఫిట్టర్లిద్దరూ తలలు దించుకున్నారు.

“అదే నేను చెప్పేది. ఆయన...”

“ఆయన మీద ఒక్క మాట పడనివ్వను! పనిచేసేవాడంటేనే అందరికీ ఏడుపు. అతని పొట్ట కొట్టడానికొచ్చావా?”

“నన్ను చెప్పనిస్తారా లేదా?”

ఈలోగా ఫిట్టర్లలో ఒకడు వాచ్‌మన్‌ను పిలిచేశాడు. వాడికంత తొందరెందుకో ఇంచార్జి అడగలేదు.

ఆమె వాచ్‌మన్ చేయి విదిలించుకుని వెళ్లి లిఫ్టుకు అడ్డంగా నిలబడింది.

“ఎక్కకండి! మెట్లమీద వెళ్లండి!”

“పిచ్చిదేమో,” అన్నారెవరో. ఇంకొకరు నవ్వారు. చివరికి ఇద్దరు కలిసి రెక్క పట్టుకుని ఆమెను గేటు దాకా ఈడ్చారు.

మధ్యాహ్నం లిఫ్టు జారి కింద పడింది. ఖాళీ స్ట్రెచర్‌తో దిగుతున్న ఆసుపత్రి ఆయా రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. అప్పుడు పైన మోటారు గది తెరిచి చూశారు. లోపలంతా బూజు, తుప్పు. మనిషి అడుగు పడిన జాడే లేదు.

ఇంచార్జి ఫిట్టర్ల మీద విరుచుకుపడ్డాడు.

“వాడెక్కడ? నా కంటికెప్పుడూ కనబడడేం?”

“అదే సార్... వేరే షిఫ్టు...” నసిగాడొకడు.

“ఏ షిఫ్టయితే నాకేం? వాణ్ని జైలుకు పంపకపోతే చూడు!”

తెర మీదున్న నంబరుకు ఫోన్ కలుపుతూ విసవిసా బయటికి నడిచాడు.

గేటు దగ్గర ఫోన్ మోగింది. అక్కడే కూలబడి ఏడుస్తున్న ఆమె సంచిలోంచి.

“అతని ఫోన్ నీ దగ్గరుందేం? ఇవ్వు అతనికి!”

ఆమె కళ్లు తుడుచుకుని లేచింది.

“మీ శభాష్‌లన్నీ ఈ ఫోన్‌కే వస్తున్నాయి. ఆ పని తమ నెత్తిన పడుతుందని మీవాళ్లే ఆయన పేరుతో నొక్కుతున్నారు. జీతం ఆపారు గానీ పేరు ఆపలేదు.”

“కథలొద్దు. ముందు అతన్ని పిలువు!”

“ఎక్కణ్నుంచి పిలవమంటారు? మీరా కుర్చీలోకి రాకముందే పోయారు మా ఆయన.”